స్కైరిమ్ ఎన్నాళ్ళు ఆడబుద్ధేస్తుంది?

మీరు అడిగింది ఇది: స్కైరిమ్ అనే వీడియో గేమ్ సేల్‌లో చవగ్గా వస్తోంది, ఉద్యోగం, ఇంట్లో చిన్నపాప, రాత్రి పది దాటాక దొరికేది గంటో గంటన్నరో. ఇంత పాత ఆట ఇప్పుడు మొదలుపెడితే నాలుగు రోజులకే మొహం మొత్తుతుందా, లేక అందరూ చెప్పుకునేటట్టు ఏళ్ళ తరబడి ఆడిస్తుందా అని. నేను 2012 నుంచి ఆడుతున్నాను, మధ్యలో రెండేళ్ళు దాని మొహం చూడని కాలం కూడా ఉంది, ఆటలు కొని ఆడుకునే స్టీమ్ లెక్కలో పాత వెర్షనూ కొత్త వెర్షనూ కలిపితే పదకొండు వందల గంటలు దాటింది (మా ఆవిడకి ఈ అంకె చెప్పలేదు). కొంచెం పొడుగవుతుంది, ఓపిక చేసుకుని చదవండి.

ముందు సూటిగా చెప్పేస్తాను. మొత్తుతుంది. ఎవరికైనా మొత్తుతుంది. నేను చూసినంతలో అరవై, ఎనభై గంటల మధ్య ఎక్కడో ఒక రాత్రి వస్తుంది, దాచుకున్న ఆట (సేవ్) తెరుస్తారు, వైట్‌రన్ అనే ఊరి సంతలో అటూ ఇటూ తిరుగుతారు, క్వెస్టుల, అంటే ఆట అప్పగించే పనుల, జాబితా కిందికీ పైకీ జరుపుతారు, ఏదీ ఎత్తుకోబుద్ధి కాదు, ఆవలించి మూసేస్తారు. చాలామంది అక్కడితో "ఓకే, అయిపోయింది, బాగుంది" అనుకుని వేరే ఆటకి వెళ్ళిపోతారు, అందులో తప్పేం లేదు, ఆ డబ్బుకి అరవై గంటలంటే గిట్టుబాటే. కానీ ఆ రాత్రి ఎందుకొస్తుందో ముందే తెలిస్తే దాన్ని చాలా దూరం జరపొచ్చు. నా మొదటి పాత్రకి అది డెబ్భై గంటల దగ్గర వచ్చింది. నాలుగో పాత్రకి రెండొందల గంటలైనా రాలేదు. ఆట అదే, మ్యాప్ అదే.

నా మొదటిసారి సంగతి చెప్తాను. ఆట విడుదలైంది 2011 నవంబర్ 11న. నాకు చేతికొచ్చింది మరుసటి వేసవిలో, హైదరాబాద్‌లో రూమ్మేట్‌తో సగం సగం వేసుకుని డీవీడీ కొన్నాం, తీరా చూస్తే డిస్కు ఉన్నా స్టీమ్‌లో ఆక్టివేట్ చేయాల్సిందే, అంటే ఒక్క అకౌంటుకే. ఆ అకౌంటు నాది కావడం వాడికి ఇప్పటికీ కోపమే. అప్పట్లో కరెంటు కోతలు ఒక రేంజ్‌లో ఉండేవి, యూపీఎస్ లేదు, సరిగ్గా సేవ్ అవుతున్నప్పుడు కరెంటు పోయి ఒకసారి మూడు గంటల ఆట పోయింది. అయినా ఆ రెండు నెలలు మేమిద్దరం మాట్లాడుకున్నది ఇదొక్కటే. చేతులు కట్టేసి బండిలో తీసుకెళ్ళడంతో మొదలవుతుంది, హెల్గెన్‌లో తల నరకబోతుంటే ఆల్డూయిన్ అనే డ్రాగన్ వచ్చి ఊరంతా తగలబెడతాడు, పారిపోయి రివర్‌వుడ్ చేరతారు, అక్కడ కొట్టు నడిపే లూకన్ తన బంగారు పంజా ఎవరో ఎత్తుకుపోయారని గోల పెడుతుంటాడు. దాని కోసం కొండ మీది బ్లీక్ ఫాల్స్ బారోకి వెళ్తే, లోపల మూడు చక్రాల తలుపు, దాని మీద జంతువుల బొమ్మలు. అరగంట బుర్ర బద్దలు కొట్టుకున్నాం. జవాబు పంజా అరచేతిలోనే చెక్కి ఉంది, సంచీలోంచి తీసి తిప్పి చూడాలంతే. చూసింది మావాడు. అకౌంటు నాదైనా ఆ తలుపు వాడిదే అని ఇప్పటికీ అంటాడు.

అలాంటివి మొదటి ముప్పై గంటల్లో బోలెడు వస్తాయి. ఐవర్‌స్టెడ్ నుంచి హై హ్రోత్‌గార్‌కి ఎక్కే దారిని ఏడువేల మెట్లు అంటారు, నిజంగా అన్ని లేవు లెండి. ఆ దారిలో ఒక చోట మంచు ట్రోల్ కాచుకుని ఉంటుంది, తక్కువ లెవెల్‌లో వెళ్ళిన ప్రతివాణ్ణీ అది చితక్కొడుతుంది. మార్కార్త్‌లో అడుగుపెట్టగానే సంతలో మీ కళ్ళెదుటే ఒక హత్య జరుగుతుంది, ఎవడో వచ్చి చీటీ చేతిలో పెట్టి పోతాడు, ఆ దారం పట్టుకుని పోతే చివరికి మీరే గని జైల్లో తేలతారు. ఇదంతా ఒకసారే పని చేస్తుంది. కాబట్టి నా మొదటి సలహా, ఎక్కడా గైడ్ చూడకండి, వికీ తెరవకండి, "స్కైరిమ్ మొదలుపెట్టేముందు తెలుసుకోవాల్సిన యాభై విషయాలు" లాంటి వీడియోల జోలికి పోకండి. మొదటి అమాయకత్వం ఒక్కసారే దొరుకుతుంది, దాన్ని యూట్యూబ్‌కి ధారపోయొద్దు.

ఇక మొత్తడం ఎక్కడ మొదలవుతుందంటే, మనం దేవుళ్ళం అయిపోయిన చోట. స్కైరిమ్‌లో మీ పాత్ర బలహీనంగా ఉన్నంతకాలం ప్రతి మలుపూ కథే, తోడేళ్ళ గుంపొచ్చినా కథే. బలం పెరిగేకొద్దీ కథలు తగ్గిపోతాయి. ఈ ఆట బలం పెంచుకోవడానికి పెట్టిన హద్దులు చాలా వదులు. కమ్మరం, మంత్రపూత, మందుల తయారీ, ఈ మూడూ ఒకదాన్ని ఒకటి పైకి నెట్టుకుంటాయి: మందు తాగి మంత్రపూత వేస్తే బలమైన ఉంగరం వస్తుంది, ఆ ఉంగరం పెట్టుకుని మందు చేస్తే ఇంకా ఘాటైన మందు వస్తుంది. ఓపిక ఉన్నవాడు ఒక సాయంత్రం కూర్చుంటే ఆ తర్వాత డ్రాగన్ని ఒక్క దెబ్బకి పడేసే కత్తి చేతిలో ఉంటుంది. కవచం అంకె 567 దాటితే తగిలే దెబ్బలో ఎనభై శాతం ఆగిపోతుంది, అంతకు మించి పెంచినా ఉపయోగం లేదు. తగిన నైపుణ్యం సంపాదించాక చాటుగా పొంచి బాకుతో పొడిస్తే దెబ్బ పదిహేను రెట్లు, హంతకుల ముఠా ఇచ్చే చేతితొడుగులు వేసుకుంటే ముప్పై రెట్లు. ఇవన్నీ తెలిసి చేసుకునేవే అనుకోకండి, ఏమీ తెలియకుండా ఆడినా జనం అటే జారతారు. చాటు నుంచి బాణాలు వేసే పాత్రగా మొదలుపెట్టని వాళ్ళు కూడా చివరికి అదే అవుతారని జోకుంది కదా, నా మొదటి ముగ్గురూ అదే అయ్యారు. మాంత్రికుడిగా మొదలుపెట్టిన మూడోవాడితో సహా.

శత్రువులు కూడా మీతో పాటే పెరుగుతారు, నిజమే. కానీ ఆ పెరగడం ఎలాంటిదంటే, మొదట్లో డ్రాగర్ అనే మామూలు నడిచే శవం, తర్వాత పేరు వెనక ఒక బిరుదు, తర్వాత ఇంకో బిరుదు, చివర డెత్‌లార్డ్. దొంగలూ అంతే. శవపేటిక మూత అదే చప్పుడుతో కింద పడుతుంది, లోపల్నుంచి లేచేవాడి ప్రాణం అంకె మాత్రం పెద్దది. కష్టం స్థాయి లెజెండరీలో పెట్టినా జరిగేది ఇదే, వాళ్ళు తెలివిగా ఏమీ కొట్లాడరు, మీ దెబ్బ తక్కువ తగులుతుంది, వాళ్ళ దెబ్బ ఎక్కువ తగులుతుంది. బోర్ కొట్టినప్పుడు స్థాయి పెంచమని చాలామంది చెప్తారు, నేను మాత్రం చెప్పను. బోర్ అలాగే ఉంటుంది, ఇంకొంచెం సేపు పడుతుంది.

రెండోది గుహలు. ఇక్కడ న్యాయంగా మాట్లాడాలి. నూట యాభై పైచిలుకు గుహలూ సమాధులూ కోటలూ మనుషులు చేత్తో అమర్చినవే. స్కైరిమ్ చేసిన కంపెనీయే 1996లో డాగర్‌ఫాల్ అనే ఆట చేసినప్పుడు వేలకొద్దీ ఊళ్ళూ గుహలూ ప్రోగ్రాముతోనే పుట్టించింది, పదో గుహకే అన్నీ ఒకటే అనిపిస్తాయి. దాంతో పోలిస్తే ఇది స్వర్గం. కానీ ఇక్కడా గోడలు, మెట్లు, స్తంభాలు ముక్కలుగా చేసుకుని అవే ముక్కలతో అన్నీ కట్టారు, చిన్న టీమ్‌తో అంత పెద్ద లోకం కట్టాలంటే అదొక్కటే దారి. ఒకే రకం ముక్కలు పదే పదే చూస్తే ఆటగాడికి కళ్ళు అలిసిపోతాయన్న సంగతి వాళ్ళకీ తెలుసు, 2013లో గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్‌లో ఆ టీమ్ వాళ్ళే దాని గురించి మాట్లాడారు. గొంతుల సంగతీ అంతే. అరవై వేల పైచిలుకు డైలాగులు, డెబ్భై మంది దాకా నటులు, ఊళ్ళో జనం మాత్రం వందల్లో. విండ్‌హెల్మ్‌లో ముసలాయన గొంతు రిఫ్టన్‌లో ఇంకో ముసలాయనకి ఉంటుంది. మొదట్లో పట్టించుకోరు, ఒకసారి పట్టుకున్నాక ఇక వదలదు.

మూడోది, నాకు అన్నిటికంటే చిరాకు తెప్పించేది, అంతులేని క్వెస్టులు. రేడియంట్ అంటారు. ఫలానా గుహకి వెళ్ళు, ఫలానా వస్తువు తే, ఫలానావాణ్ణి చంపు. ఊరు పేరు, మనిషి పేరు ఆట అప్పటికప్పుడు నింపుతుంది. దీని ఉద్దేశం మంచిదే, మీరింకా చూడని చోటుకి పంపించడం, మొదటి యాభై గంటల్లో అది పని చేస్తుంది కూడా. తర్వాత పాడిందే పాటరా పాచిపళ్ళ దాసరీ. దొంగల ముఠాకి నాయకుడు కావాలంటే ముఠాలోని డెల్విన్, వెక్స్ ఇచ్చే చిల్లర పనులు ఒక్కో నగరంలో అయిదేసి చొప్పున నాలుగు నగరాల్లో చేయాలి, అసలు కథ అయిపోయాక కూడా. నేను చేశాను. నాయకుడి కవచం వచ్చింది, రెండు వారాలు ఆట తెరవలేదు. ఇటు చూస్తే వింటర్‌హోల్డ్ మంత్రాల కాలేజీకి పెద్ద కావడానికి నాలుగు మంత్రాలు వస్తే చాలు, ఎనిమిది క్వెస్టుల్లో పీఠం మీద కూర్చోబెడతారు. గొడ్డలి పట్టుకు తిరిగే నా మోటు నార్డ్ జాతివాడు కూడా ఆర్చ్-మేజ్, అంటే ఆ కాలేజీ పెద్ద, అయ్యాడు. ఎవరూ ఏమీ అనలేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ ఆటలో దాదాపు దేనికీ "నువ్వు వద్దు" అనే తలుపు లేదు. ఒకే పాత్ర సైన్యంలో చేరొచ్చు, హంతకుల ముఠాలో చేరొచ్చు, కాలేజీకి పెద్ద కావచ్చు, తోడేలు కావచ్చు, అన్నిటికీ నాయకుడు కావచ్చు. మొదటిసారి ఆడేవాడు అన్నీ చేసేస్తాడు, పెళ్ళి భోజనంలో వడ్డించినవన్నీ తినాలన్నట్టు, అందుకే పొట్ట బిగుసుకుపోతుంది. ఆట మీకు "వద్దు" అనదు కాబట్టి ఆ మాట మీరే అనుకోవాలి. అది నాకు తెలియడానికి మూడు పాత్రలు, నాలుగైదేళ్ళు పట్టింది.

నా నాలుగో పాత్ర ఒక వేటగాడు, ఖజీత్ జాతి. వాడికి నేను పెట్టిన నియమాలు: మంత్రాలు లేవు, కమ్మరం లేదు, మ్యాప్ మీద నొక్కి దూకడం లేదు, నగరం నుంచి నగరానికి గుర్రపు బండి కట్టించుకోవచ్చు అంతే, ఏ ముఠాలోనూ చేరడు, చర్మాలూ మాంసం అమ్ముకుని బతుకుతాడు. అన్నిటికంటే ముఖ్యం, వైట్‌రన్ దొర (యార్ల్) చెప్పిన పడమటి కాపలా బురుజు దగ్గరికి వెళ్ళడు. ఇది చాలామందికి తట్టదు, మొదటి డ్రాగన్ మీద పడేది ఆ బురుజు దగ్గరే, ఆ క్వెస్టు వరకు వెళ్ళకపోతే దారి మధ్యలో డ్రాగన్లు ఊడిపడటం అసలు మొదలే కాదు. మీరు డ్రాగన్‌బార్న్ అనే కథానాయకుడు కాదు, ఎవరూ కాదు, చలి దేశంలో పొట్టకూటికి తిరిగే ఒక పిల్లి మొహం వాడు. ఆ ఆట నేను అంతకు ముందు ఆడిన స్కైరిమ్ కాదు. మూడొందల గంటలు ఆడేశాక కూడా ఒక్కసారీ నడవని దారులు కనిపించాయి, ఎందుకంటే అంతకు ముందు ఎప్పుడూ దూకేవాణ్ణి కదా.

ఫ్రాస్ట్‌ఫ్లో లైట్‌హౌస్ దొరికింది అప్పుడే. ఉత్తరాన సముద్రం ఒడ్డున ఒక దీపస్తంభం. ఎవరూ పంపరు, ఊళ్ళో ఎవరూ దాని గురించి నోరెత్తరు, మంచు తుఫానులో తలదాచుకుందామని తలుపు తోశాను. లోపల ఒక స్త్రీ శవం, పక్కన పురుగు లాంటిది ఒకటి చచ్చిపడి ఉంది. డైరీలు చదువుతూ పోతే ఒక కుటుంబం, తండ్రి హబ్ద్, తల్లి రమతి, ఇద్దరు పిల్లలు, ఎక్కడో వెచ్చటి దేశం వదిలి ఈ దీపం చూసుకుంటూ ఉండిపోదామని వచ్చినవాళ్ళు. నేలమాళిగలోంచి చప్పుళ్ళు వస్తున్నాయని ఒకరు రాస్తారు, ఎలుకలై ఉంటాయని ఇంకొకరు తీసిపారేస్తారు. ఇంతకంటే చెప్పను. కింద ఏం జరిగిందో మీరే చూడాలి, తండ్రి చివరి కోరిక ఏమిటో కూడా. నేను ఆ కోరిక తీర్చి పైన మంట దగ్గర కాసేపు నిలబడి ఉన్నాను, రాత్రి ఒంటిగంట, ఇంట్లో అందరూ పడుకున్నారు, బయట ఎక్కడో కుక్క అరుస్తోంది. ఇచ్చిన బహుమతి వైద్యమంత్రాలకి ఏదో పది శాతం. నా వేటగాడికి మంత్రాలే లేవు, వాడికి అది పనికిరాదు. ఈ ఆట మొత్తంలో నాకు బాగా గుర్తున్న రాత్రి మాత్రం అదే.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. దారి పక్కన ఒంటరిగా తిరిగే మీకో అనే కుక్క మిమ్మల్ని ఒక గుడిసెకి తీసుకుపోతుంది, దాని యజమాని లోపల మంచం మీద ఎప్పుడో పోయాడు. ఏ జాబితాలోనూ టిక్కు పడదు. జాబితా పట్టుకుని ఆడేవాడికి ఇవి దొరకవు, దొరికినా ఆగడు. ఇప్పుడొచ్చే పెద్ద ఆటల్లో నాకు బాధ అదే. విచర్ 3 క్వెస్టుల రాత ముందు స్కైరిమ్ నిలబడదు, ఒప్పుకుంటాను. అదే విచర్‌లో స్కెల్లిగె దీవుల సముద్రం నిండా మ్యాప్ మీద ప్రశ్నార్థకాలు చల్లారు, పడవేసుకుని ఒక్కొక్కటీ తీస్తూ పోతుంటే స్టాక్ లెక్కలు రాస్తున్నట్టుంటుంది. స్టార్‌ఫీల్డ్‌లో వెయ్యి గ్రహాలు ఇచ్చారు, దిగిన చోటల్లా అదే కట్టడం. ఎల్డెన్ రింగ్ మొదటి సగం అద్భుతం, సమాధి గుహలు మాత్రం అక్కడా మళ్ళీ మళ్ళీ అవే. పెద్దదిగా ఉంటే చాలు అనుకునే రోగం అందరికీ ఉంది, స్కైరిమ్‌కీ ఉంది.

మాడ్‌ల సంగతి, అంటే ఆడేవాళ్ళే సొంతంగా చేసి ఆటకి తగిలించే మార్పుల సంగతి, మీరు అడగలేదు, కానీ ఇంత పాత ఆట ఇంకా బతికి ఉండటానికి సగం కారణం అవే. కొందరు కుర్రాళ్ళు కలిసి చేసిన ఎండెరల్ అనే మాడ్ 2016లో వచ్చింది, స్కైరిమ్ ఇంజిన్ మీద పూర్తిగా వేరే దేశం, వేరే కథ, గొంతులతో సహా, ఉచితం. ది ఫర్‌గాటెన్ సిటీ అనే ఇంకో మాడ్ 2021లో సొంత ఆటగా బయటికొచ్చింది. 2015 ఏప్రిల్‌లో స్టీమ్‌లో మాడ్‌లకి డబ్బులు పెట్టి అమ్మబోతే జనం అరిచిన అరుపులకి నాలుగైదు రోజుల్లో వెనక్కి తీసుకున్నారు. తర్వాత ఇంకో దారిలో ఆ పని చేశారనుకోండి, అది వేరే గొడవ.

కానీ మాడ్‌లతో ఒక జబ్బుంది, నాకూ పట్టింది. బోర్ కొట్టింది కదా అని 2017లో మాడ్‌లు ఎక్కించడం మొదలుపెట్టాను. ముందు గడ్డి, తర్వాత చెట్లు, తర్వాత మొహాలు, తర్వాత నీళ్ళు, తర్వాత నీళ్ళ మీద వెలుగు. నూట ఎనభై మాడ్‌లు. ప్రతి రాత్రీ ఒక గంట మాడ్‌లు సరిచేయడం, పది నిమిషాలు ఆడటం, క్రాష్, మళ్ళీ సరిచేయడం. మూడు నెలల్లో ఒక్క క్వెస్టు కూడా పూర్తి చేయలేదు, స్క్రీన్‌షాట్లు మాత్రం బ్రహ్మాండం. ఒక రోజు విసుగొచ్చి, ఇది అక్కర్లేదు, అది అక్కర్లేదు అని ఆట మధ్యలో ఓ ఇరవై పీకేశాను, అసలుకే ఎసరొచ్చింది. మాడ్ స్క్రిప్టులు సేవ్ ఫైల్‌లో ఇంకిపోతాయి, మాడ్ తీసేసినా వాటి అవశేషాలు అందులో ఉంటాయి. తొంభై గంటల సేవ్ ఇక తెరుచుకోలేదు. తప్పు నాదే, ఎవర్నీ అనడానికి లేదు. అందుకని ఒక్కటే పట్టు పట్టండి, పాత్ర మొదలుపెట్టేముందు ఎక్కించినవే చివరిదాకా, మధ్యలో ఏదీ తీయొద్దు.

మీకైతే మొదటిసారి అసలు మాడ్‌లే వద్దు. మరీ కావాలంటే అనధికార ప్యాచ్ ఒకటి, అది వందలకొద్దీ బగ్గులు సరిచేస్తుంది, కంప్యూటర్లో ఆడేటట్టయితే మెనూలు మార్చే స్కైయూఐ ఒకటి, ఎందుకంటే అసలు మెనూలు గేమ్‌ప్యాడ్ కోసం చేసినవి, మౌస్‌తో నరకం. స్కైయూఐకి ఎస్‌కేఎస్‌ఈ అనే చిన్న ప్రోగ్రాము కావాలి, అది ఆట వెర్షన్‌కి అచ్చంగా సరిపోవాలి. 2021 నవంబర్‌లో యానివర్సరీ అప్‌డేట్ వచ్చినప్పుడు రాత్రికి రాత్రి జనాల మాడ్‌లన్నీ కూలిపోయింది ఇందుకే. స్టీమ్‌లో ఆట తనంతట తాను అప్‌డేట్ కాకుండా సెట్టింగ్ మార్చుకోండి. రెండో పాత్ర అప్పుడు మాత్రం ఆట వేరేలా మొదలుపెట్టనిచ్చే ఆల్టర్నేట్ స్టార్ట్ మాడ్ తప్పకుండా వేసుకోండి, ఆ బండి ప్రయాణం మొదటిసారి ఎంత బాగుంటుందో ఆరోసారి అంత పగబట్టినట్టుంటుంది.

ఏ వెర్షన్ కొనాలంటే, స్పెషల్ ఎడిషన్. 2016లో వచ్చింది, 64 బిట్, పాతదాని కంటే చాలా తక్కువ సార్లు కూలుతుంది, మూడు అదనపు భాగాలూ, అంటే డాన్‌గార్డ్, హార్త్‌ఫైర్, డ్రాగన్‌బార్న్, అందులోనే ఉంటాయి. యానివర్సరీ ఎడిషన్‌కి పైన డబ్బు పెట్టక్కర్లేదు, ఆ పేరు మీద వచ్చినవి చాలావరకు కొత్త కత్తులు, ఇళ్ళు, పెంపుడు జంతువులు. మీకు పనికొచ్చే సర్వైవల్ మోడ్ స్పెషల్ ఎడిషన్ వాళ్ళకీ ఉచితంగానే వచ్చింది. చలి వేస్తుంది, ఆకలేస్తుంది, నిద్ర లేకపోతే శక్తి తగ్గుతుంది, మ్యాప్ మీద దూకడం ఉండదు, పడుకుంటే గానీ లెవెల్ పెరగదు. మొదటి ఇరవై గంటలు మామూలుగా ఆడండి, తర్వాత ఆన్ చేసి చూడండి. కొందరికి ఇది పడదు, తిండి గోల ఇంట్లో ఉన్నది చాలదా అంటాడు మా బామ్మర్ది. నాకు మాత్రం సత్రంలో వేడి సూప్ తాగడం ఒక సుఖంలా అనిపించింది ఇందులోనే.

ఇక మీ గంట సంగతి. నిజానికి రోజుకి గంట ఆడేవాళ్ళకి ఈ ఆట ఎక్కువ కాలం వస్తుంది. నేను 2012లో చేసినట్టు వారాంతానికి పదహారు గంటలు ఆడితే అందులో సగం కళ్ళు తెరుచుకుని నిద్రపోవడమే. గుహలు చాలావరకు అరగంట, నలభై నిమిషాల్లో అయిపోతాయి, చివర్లో ఒక అడ్డదారి తెరుచుకుని మళ్ళీ మొదటి గది దగ్గరకే తెచ్చి వదులుతుంది. కావాలనే అలా కట్టారు, వెనక్కి నడిచే శ్రమ లేకుండా. ఒక రాత్రి ఒక గుహ, లేదా ఒక ఊళ్ళో ఒక గొడవ, లేదా ఊరికే ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి నడక. ఒకటే పెట్టుకోండి. దారిలో దొరికిన ప్రతి ఇనుప శిరస్త్రాణం, ప్రతి చిల్లి గిన్నె మోసుకెళ్ళి అమ్మాలని చూడకండి, మీరు మోయగలిగేది మొదట్లో మూడొందల బరువే, కొట్టువాడి దగ్గరా ఏడొందల యాభై నాణేలే ఉంటాయి, వాడి డబ్బు నిండడానికి రెండు రోజులు కూర్చుని ఎదురుచూడటం మొదలుపెట్టారంటే మీ గంటలో ఇరవై నిమిషాలు దానికే. ఈ ఆటలో డబ్బు దానంతట అదే వస్తుంది, ఖర్చు పెట్టడానికే చోటు ఉండదు.

మీరు ఆవలించే రాత్రి వచ్చినప్పుడు ఆ పాత్రని అక్కడే వదిలేయండి. మెయిన్ కథ పూర్తి కాలేదే అని బలవంతంగా లాక్కురావొద్దు. పార్థర్‌నాక్స్ అనే ముసలి డ్రాగన్ విషయంలో ఏం చేయాలో తేల్చుకోలేక నా రెండోవాడు ఆ కొండ మీద 2014 నుంచి నిలబడి ఉన్నాడు, అలాగే ఉండనీ. ఆరు నెలలో ఏడాదో ఆగి మళ్ళీ వస్తే దారులు సగం మర్చిపోయి ఉంటారు, అదే కావాల్సింది. నేను ఇప్పుడు ఆరో పాత్రతో ఉన్నాను, ఒక ముసలి ఆర్గోనియన్, అంటే బల్లి జాతివాడు, పుస్తకాలు పోగేయడం వాడి పిచ్చి, కత్తి పట్టుకోవడం రాదు. లెవెల్ పన్నెండు. ఏడువేల మెట్ల మీది ఆ మంచు ట్రోల్ నిన్న వాణ్ణి మూడుసార్లు చంపింది, అన్నేళ్ళ తర్వాత కూడా గుండె దడదడలాడింది.

అన్నట్టు, కొనేముందు మంచి హెడ్‌ఫోన్స్ ఉన్నాయో లేదో చూసుకోండి. డ్రాగన్ నెత్తి మీదికొచ్చేటప్పుడు అరుస్తుందే, దానికి మా చిన్నోడు రెండుసార్లు లేచి కూర్చున్నాడు, రెండోసారి మళ్ళీ పడుకోబెట్టే డ్యూటీ నాకే పడింది, ఆ రాత్రి ఆట ఇక లేదు.